సర్జన్ చేపకు సంబంధం

మా రాజపాళయంలో ఏదీ ఒంటరిగా ఉండకూడదు. మనిషే కాదు, పూలకుండీ కూడా. మా వదిన హాల్లో పొద్దున ఒక కుండీ పెడితే సాయంత్రానికి దాని పక్కన రెండోది చేరుతుంది. టీవీకి అటొక ఏనుగు బొమ్మ, ఇటొక ఏనుగు బొమ్మ. అలాంటి ఇంట్లో నలభై ఆరేళ్ళ పెళ్ళికాని ఆడదాన్ని, మేడమీద రెండు గదుల్లో నా స్టవ్వు నేను వెలిగించుకుని, నా తలుపు నేను వేసుకుని హాయిగా ఉన్నానంటే మావాళ్ళకు ఎంత కడుపునొప్పిగా ఉంటుందో మీరే ఆలోచించండి. కింద అన్న, వదిన. పైన నేను. ఆడపిల్లల బడిలో కెమిస్ట్రీ చెబుతాను. ఈ జీవితంలో నాకు కావలసింది ఆ రెండు గదులు, మెట్ల చివర ఉన్న ఆ తలుపు, దాని గొళ్ళెం. అంతే. ఆ "అంతే" అన్నదే ఎవరికీ మింగుడుపడదు.

ఈ గొడవలోకి చేపలు ఎలా వచ్చాయో చెప్పాలి.

మా అన్నకు అంతకుముందు కుక్కల పిచ్చి. మా ఊళ్ళో కాస్త ఉన్నవాడన్నాక ఊరి పేరు మోసే ఆ తెల్ల కుక్క ఒకటి గేటు దగ్గర ఉండాలి. అన్న దగ్గరైతే ఏకంగా వంశాలే ఉండేవి. ఏ కుక్కకు ఏ కుక్కను జత చేయాలి, ఎవరింటి కుక్క ముక్కు ఎంత గులాబీ రంగు, ఇవన్నీ మనుషుల సంబంధాలకన్నా శ్రద్ధగా చూసేవాడు. ఒకరోజు పొద్దున వాటిలో ఒకటి పిల్లిని చూసి పరుగందుకుంది. గొలుసు చేతికి చుట్టుకున్న పాపానికి అన్న కూడా పరుగెత్తాడు, కొంత దూరం కాళ్ళమీద, మిగతా దూరం మోకాళ్ళమీద. ఇక కుక్కల జోలికి పోవద్దన్నాడు డాక్టరు. కుక్కలు తోటకు వెళ్ళిపోయాయి. ఆ తర్వాత కొన్నాళ్ళకే కోయంబత్తూరులో బంధువుల గృహప్రవేశానికి వెళ్ళిన అన్న, వాళ్ళ హాల్లో గోడంత ఉప్పునీటి తొట్టి చూసి మనసు పారేసుకుని వచ్చాడు.

"చేపలకి వాకింగ్ అక్కర్లేదు గదా," అన్నాడు. అంత దూరం ఆలోచించాడు పాపం.

ఆరడుగుల గాజు తొట్టి వచ్చింది. మోటార్లు వచ్చాయి, నీలం లైట్లు వచ్చాయి, రాళ్ళు వచ్చాయి. ఇక సముద్రం రావాలి. మా ఊరికి సముద్రం అంత దగ్గరేం కాదు. అందుకని అన్న ఏం చేశాడంటే, తిరుచెందూరు మురుగన్ దర్శనానికి వెళ్ళే ప్రతివాడి చేతికీ ఒక క్యాను అంటగట్టాడు. వాళ్ళు ఆకులో విభూతీ, క్యానులో సముద్రమూ తెచ్చి ఇచ్చేవాళ్ళు. భక్తులంతా మునిగి లేచిన ఒడ్డు నీళ్ళు అవి. సబ్బు, సీకాయ, తలనూనె, పుణ్యం అన్నీ అందులోనే. మొదట వేసిన చేపలు అంత పుణ్యం తట్టుకోలేక వరసగా చచ్చిపోయాయి.

అప్పుడు అన్నకు నేను గుర్తొచ్చాను.

"పాపా, నువ్వు కెమిస్ట్రీ టీచరు గదా. ఉప్పు సంగతి నీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తాది?"

నా ఆదివారాలు అలా తగలబడ్డాయి. ఫిల్టరు పట్టిన నీళ్ళలో తొట్టి కోసం తెచ్చిన ఉప్పు కలపడం, ఉప్పు సరిపోయిందో లేదో చిన్న గొట్టంలో కన్ను పెట్టి చూడటం, పాత నీళ్ళు తోడి పారబోయడం, గాజు తుడవడం నా పని. సోఫాలో కాలుమీద కాలేసుకుని వచ్చినవాళ్ళతో "అంతా నేనే మెయింటెయిన్ చేస్తాండాను" అని చెప్పడం అన్న పని. నీళ్ళలో ఉప్పు తగ్గిందని ఒకసారి నేను గొణుక్కుంటే విని, వదిన ఊరగాయకు తెచ్చిన రాళ్ళుప్పు గుప్పెడు పట్టుకొచ్చింది. చెయ్యి పట్టుకుని ఆపాను. "ఉప్పు ఉప్పే గదా, దాంట్లో కూడా ఏం గొప్ప?" అని మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది.

నీళ్ళు కుదిరాక చెన్నై నుంచి బస్సులో, థర్మకోల్ పెట్టెలో సర్జన్ చేప వచ్చింది. అరచెయ్యంత ఉంటుంది. ఒళ్ళంతా లేత నీలం, మొహం నలుపు, గొంతు కింద తెలుపు, వీపు పొడుగునా పసుపుపచ్చ రెక్క. తోక మొదట్లో రెండువైపులా చాకులాంటి ముల్లు మడిచి దాచుకుని ఉంటుంది. కోపమొస్తే బయటికి తీస్తుంది. ఆ పేరు దానికి అందుకే వచ్చింది. పొద్దున లైటు వెయ్యగానే తొట్టి ఆ చివర్నుంచి ఈ చివరిదాకా మా హెడ్‌మిస్ట్రెస్ లాగా ఒక రౌండు కొట్టి, ప్రతి రాయినీ తనిఖీ చేసి, నాచు గీరుకుని తినేది. నేను ఎండిన సముద్రపు ఆకును నీళ్ళలోకి దించితే, వేళ్ళ సందులోంచే లాక్కునేది. గాజులో తన నీడ కనిపించినా సరే, తోక తిప్పి బెదిరించేది. దానికి ఎవరూ అక్కర్లేదు. అది నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. చాకిరీ చాకిరీ అని తిట్టుకుంటూ మొదలుపెట్టినదాన్ని, బడికి వెళ్ళేముందు కూడా కిందికి దిగి కాసేపు దాని ఎదుట నిలబడి వెళ్ళేదాన్ని.

ఇంటికి వచ్చినవాళ్ళు మాత్రం అడిగేది ఒకటే. కాఫీ గ్లాసు అందుకోవడం, తొట్టివైపు చూడటం, "అయ్యో, ఒక్కటేనా?" అనడం. పక్కనే గీతల చేపలు, నారింజ రంగు చేపలు తిరుగుతున్నా కంటికి ఆనవు. "దీని జోడీ ఏది? పావం, తనియా ఉండాదే!" తనియా అంటే అరవంలో ఒంటరిగా. ఆ మాట అంటూ కళ్ళను తొట్టిమీద నుంచి మెల్లగా నా మీదికి తిప్పుతారు. ఆ చూపు నాకు ఇరవై ఏళ్ళుగా పరిచయం. చేప వచ్చింది కాబట్టి నా వాటా కాస్త తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు, రెట్టింపయింది.

వీళ్ళందరికీ నాయకురాలు మా పెద్దమ్మ, అమ్మకు అక్క. అమ్మ పోయాక నా బాధ్యత తనదేనని ఆమే తీర్మానించుకుంది. పెద్దనాయన పోయి కూడా చాలా ఏళ్ళయింది. మంసాపురం నుంచి టౌన్ బస్సెక్కి వస్తుంది. సంచిలో పైన మామిడికాయలు, కింద ఎవడిదో ఒక ఫోటో. భార్య పోయినవాడు, భార్య వదిలేసినవాడు, ఎవరూ పిల్లనివ్వనివాడు, అందరూ ఆ మామిడికాయల కిందనుంచి నాకోసం బయటికి వచ్చినవాళ్ళే. నేను వద్దంటాను, ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంటుంది, పెద్దామెను ఏడిపించానని వదిన నావైపు గుడ్లురుముతుంది. ఇన్నేళ్ళలో ఇందులో మారింది ఫోటో ఒక్కటే.

ఆసారి ఫోటోలో సత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేయించే ఆయన ఉన్నాడు. భార్య పోయింది. పిల్లలు లేరు.

"మంచి వరన్ అమ్మా. గట్టిగా మాట్లాడేది కూడా తెలీదు ఆయనకి. ఇంకేం కావాల నీకు?" అన్నది పెద్దమ్మ. మా ఊళ్ళో పెళ్ళి సంబంధాన్ని వరన్ అంటారు.

"ఏమీ వద్దు పెద్దమ్మా. నేను బాగుండాను."

"తనియా ఉండి బాగుండానంటే ఎవరు నమ్ముతారు?" అని తొట్టివైపు చెయ్యి చూపించింది. "అదిగో, నిన్ను చూసి అది కూడా అట్లే నిలిచిపోయింది. ఈ ఇంటికి ఏం శాపమో!"

అక్కడే మా అన్న బుర్రలో రెండు పనులూ కలిసిపోయాయి. చెల్లెలికి సంబంధం, చేపకు జోడీ. చెల్లెలితో పేచీ ఉంటుంది గాని చేప నోరెత్తదు కదా, ముందు చేప పని మొదలుపెట్టాడు. చెన్నై అంగడికి ఫోన్ చేసి రెండో సర్జన్‌ను పంపమన్నాడు.

నేను లబోదిబోమన్నాను. "అన్నా, ఈ జాతివి రెండు ఒకే తొట్టిలో ఇమడవు. ఒకదాన్నొకటి తోకతో కోసేస్తాయి. ఏది ఆడదో ఏది మగదో చూసి చెప్పేది కూడా ఎవరి వల్లా కాదు."

"ఆడదేనని అంగడాయన చెప్పినాడు."

"అమ్ముకునేవాడు ఇంకేం చెప్తాడు?"

"నేను ఎన్ని కుక్కలకి జత చేసినాను, నాకే నేర్పిస్తావా? మొదట ఉర్రుమంటాయి. నడుమ వల కట్టి కొన్ని దినాలు అటొకటి ఇటొకటి పెట్టితే అలవాటు పడిపోతాయి. తరువాత వల తీసేసేది. ఇంతే గదా విషయం!"

"చేప కుక్క కాదన్నా."

"పోమ్మా. ప్రాణమంటే అన్నీ ఒకటే."

రెండో చేప వచ్చింది. మొదటిదానికన్నా చిన్నది, బెదురుచూపుది. అన్న తొట్టి మధ్యలో ప్లాస్టిక్ వల కట్టి దాన్ని అవతలి వైపు వదిలాడు. అప్పట్నుంచి మా సర్జన్ తిండి మీద ధ్యాస పెట్టలేదు. రౌండ్లు మానేసింది. పగలంతా వలకు ఆనుకుని, రంగు ముదిరి, తోక ముల్లు బయటపెట్టి అటూ ఇటూ కొట్టుకునేది. అన్న వచ్చినవాళ్ళకు దాన్నే చూపించి మురిసిపోయేవాడు. "చూసినారా, ఆ పక్కనుంచి కదలడమే లేదు. ఎంత ప్రియమో!"

వదిన గోడమీది కాలెండరు కాగితం చింపుతూ, శుక్రవారం సాయంత్రం నల్ల నేరం ఉందని కనిపెట్టింది. నల్ల నేరమంటే మంచి గడియ. సత్రపట్టి ఆయన నన్ను చూడటానికి వచ్చేదీ, తొట్టిలో వల తీసేదీ ఆ గడియలోనే అని ఖాయం చేశారు. అంత మంచి గడియను ఒక్క పనికే వాడితే దండగైపోతుందని వదిన భయం.

మరి నువ్వెందుకు ఒప్పుకున్నావంటారా? నన్ను అడిగితే కదా ఒప్పుకోవడానికి! బడినుంచి వచ్చేసరికి నా మంచంమీద పట్టుచీర పరిచి ఉంది. నా కుర్చీలో పెద్దమ్మ కూర్చుని ఉంది.

"ఆయన సరి అంటే వచ్చే నెలలోనే ముగించేద్దాము. ఈ గదులు కూడా ఊరికే పోవు లే. మీ అన్న మోకాలికి నడిచే మిషన్ ఒకటి కొనాల గదా, ఈడ పెట్టుకోవచ్చని మీ వదిన కొలత చూసి పోయినాది."

కొలత చూసిందట! నా గదిలో, నేను బడిలో పాఠం చెబుతుండగా, టేపు పట్టుకుని! అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ దారిన వస్తున్న ఆ మనిషిని గుమ్మంలో నిలబెట్టి అవమానించడం నాకు చేతకాదు. చీర కట్టుకుని కిందికి దిగాను.

హాల్లో తొట్టి గాజుకు పసుపూ కుంకుమా పెట్టారు. మూత చుట్టూ మల్లెపూల దండ. అదే దండలోంచి ఒక మూర తుంచి నా తలలో పెట్టింది వదిన. సత్రపట్టి ఆయన సోఫా అంచుమీద, ఎవరైనా లెమ్మంటే లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చున్నాడు. మడత నలగని తెల్లచొక్కా, పక్కన ఒక సంచి. సొజ్జి, బజ్జి, కాఫీ ఉన్న పళ్ళెం నా చేతికిచ్చారు. పదో తరగతి పిల్లల్ని కంటిచూపుతో కూర్చోబెట్టే మనిషిని, ఆ వయసులో పళ్ళెం పట్టుకుని తల వంచుకుని నిలబడాలట.

సరిగ్గా గడియ రాగానే వదిన పూజగది గంట తెచ్చి ఆడించింది. పెళ్ళిలో అడ్డుతెర దించే అయ్యవారి హోదాలో అన్న తొట్టిలోకి చెయ్యి పెట్టి వల పైకి లాగాడు.

మా సర్జన్ ఒక్క క్షణం కూడా ఆగలేదు. నేరుగా కొత్తదాని పక్కకు వెళ్ళి, ఒంటికి ఒళ్ళు ఆనించి, తోక ఝాడించింది. నీలం పొలుసులు లేచిపోయాయి. కొత్తది రాళ్ళ వెనక్కి దూరింది, ఇది అక్కడికీ వెళ్ళింది. మూలకు పారిపోయింది, అక్కడికీ వెళ్ళింది. మళ్ళీ తోక, మళ్ళీ తోక. కొత్తదాని డొక్కమీద తెల్లటి గాటు పడింది, రెక్క చీలింది. మోటారు పక్కన ఇరుక్కుని రొప్పుతోంది.

"అన్నా, వల వేసెయ్, చచ్చిపోతాది!"

"ఉండు పాపా, ఆడుకుంటాండాయి."

"ఏం కాదు లే," అన్నది పెద్దమ్మ, బజ్జి తుంచుకుంటూ. "మొదట అట్లే ఉంటాది. మీ పెద్దనాయన నన్ను పెళ్ళయిన కొత్తలో మూడు నెలలు కొట్టినాడు. తరువాత సర్దుకుపోలేదా?"

"ఆమా," అని వదిన తల ఊపింది. అన్న నవ్వాడు. ఎవరి చేతిలోని గ్లాసూ ఆగలేదు. వాన పడింది, బస్సు లేటయింది అన్నంత మామూలుగా అనేసి ఆమె చట్నీ అందుకుంది.

ఇదా వీళ్ళు ఇరవై ఏళ్ళుగా సంచిలో పెట్టుకుని నాకోసం మోసుకొస్తున్నది? పళ్ళెం తీసుకెళ్ళి సత్రపట్టి ఆయన ఒడిలో పెట్టాను. పట్టుచీర చెంగు దోపుకుని, జాకెట్టు చెయ్యి తడిసిపోతున్నా లెక్కచేయకుండా భుజం దాకా చెయ్యి తొట్టిలోకి దించి, ఆ బెదురు చేపను నీళ్ళు తోడే గిన్నెలోకి తోలాను. మా సర్జన్‌కు అడ్డం వచ్చింది నేనైనా ఒకటే. మణికట్టు మీద ఒక్క గీత గీసింది. పొద్దున నా వేళ్ళలోంచి ఆకు తినే చేప! నీళ్ళు ఎర్రగా అయ్యాయి. వదిన కెవ్వుమంది, పట్టుచీర పాడైందని.

పళ్ళెం కింద పెట్టి వచ్చిన వాడు సత్రపట్టి ఆయన ఒక్కడే. ఆయన సంచిలో ఎవరికో చూపించడానికి తెచ్చిన గుడ్డ చుట్ట ఉంది. మాట్లాడకుండా నా మణికట్టుకు గట్టిగా, పొందిగ్గా కట్టు కట్టాడు. "ముందు చేపని చూడండమ్మా," అన్నాడు. ఆ రోజు ఆ హాల్లో నేను విన్న మంచి మాట అదొక్కటే. మనిషి మంచివాడే, పెద్దమ్మ అబద్ధం చెప్పలేదు. అయినా నాకు అక్కర్లేదు. మంచివాడైతే చేసుకోవాలని ఎక్కడుంది?

గిన్నె పట్టుకుని మెట్లదగ్గర నిలబడి అందరికీ వినబడేలా చెప్పాను.

"పెద్దమ్మా, నాకు సర్దుకుపోయేది రాదు. నేర్చుకోను కూడా. అన్నా, పైగదులు నావి. నడిచే మిషన్ నీ తొట్టి మీద పెట్టుకో."

సత్రపట్టి ఆయన చేతులు జోడించి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. తర్వాత ఇంట్లో పెద్ద విచారణ జరిగింది. తొట్టి చిన్నదైపోవడమే తప్పని అన్న తేల్చాడు, ఎనిమిదడుగులది అయ్యుంటే రెండూ కాపురం చేసేవట. గంట ఆడించడం కాస్త ఆలస్యమై మంచి గడియ దాటిపోయిందని వదిన తేల్చింది. నా నోరే తప్పని పెద్దమ్మ తేల్చి, కొంగుతో కళ్ళొత్తుకుంటూ బస్సెక్కింది. చేప కోపిష్టిదని మాత్రం ఎవరూ అనలేదు. అది మగదని నమ్మకం కదా!

దెబ్బతిన్న చేపను నా గదిలో చిన్న తొట్టిలో పెట్టుకున్నాను. నాకు ఆశ లేదు. ముందు ఒక మూల పడుకుని ఉండేది. నీళ్ళు మారుస్తూ, ఆకు చిదిపి వేస్తూ ఉన్నాను. మెల్లగా లేచింది. చీలిన రెక్క సగం మాత్రమే అతుక్కుంది. ఒక పొద్దున లైటు వేస్తే, ఆ చిన్న తొట్టిలోనే ఈ చివర్నుంచి ఆ చివరికి రౌండు కొడుతోంది. నాకు ఏడుపొచ్చింది. బడికి లేటయింది కూడా.

సత్రపట్టి ఆయనకు పెద్దమ్మే ఇంకో సంబంధం కుదిర్చింది. ఆమె సరుకు ఆమె ఊరికే పోనిస్తుందా? పెళ్ళికి పిలవడానికి మళ్ళీ వచ్చింది. కింద కాఫీ తాగి, ఎందుకో మెట్లెక్కి పైకి వచ్చింది. ఆ శుక్రవారం తర్వాత నా గదిలోకి రావడం అదే మొదటిసారి. ఇంకో ఫోటో తీస్తుందేమోనని నేను నడుం బిగించుకుని ఉన్నాను. ఆమె సంచి కింద పెట్టి, నా కుర్చీ లాక్కుని, చిన్న తొట్టి ముందు కూర్చుంది.

"బతికిందా ఇది!"

"బతికింది పెద్దమ్మా."

"ఇప్పుడు దీన్ని ఎవరూ ఏం చెయ్యరు గదా?"

"ఎవరున్నారు ఈడ చేసేదానికి?"

"తింటాదా?"

"బాగా తింటాది."

"నిద్రపోతాదా?"

"లైటు ఆర్పితే ఆ రాయి సందులో దూరి హాయిగా పడుకుంటాది."

చేప తిరిగి ఇటువైపు వచ్చింది. చీలిన రెక్క, డొక్కమీద గాటు మచ్చ కనబడ్డాయి. పెద్దమ్మ దాన్నే చూస్తూ కూర్చుంది.

"ఆ దినం మూడు నెలలని చెప్పినాను గదా," అన్నది.

"ఆ."

"మూడు నెలలు కాదు."

ఎంతకాలమని నేను అడగలేదు. ఇన్నేళ్ళుగా ఆమెమీద దాచుకున్న కోపమంతా ఏం చెయ్యాలో తెలియక ఆగిపోయింది. ఆకు ఉన్న డబ్బా ఆమె చేతికిచ్చాను. ఒక ముక్క తుంచి, భయం భయంగా నీళ్ళలో పట్టుకుంది. చేప వచ్చి ఒక్క గుంజు గుంజి లాక్కుపోయింది. "అబ్బో, ఏం పొగరే దీనికి!" అని నవ్వింది, కళ్ళలో నీళ్ళు తుడుచుకోలేదు.

ఇంతలో కిందనుంచి వదిన కేక. "పెద్దమ్మా! ఇంకో వరన్ ఉండాదని చెప్తిరి గదా, ఫోటో చూపించినారా?"

పెద్దమ్మ లేచి మెట్ల దగ్గరికి వెళ్ళింది.

"ఏ వరనూ లేదు," అన్నది గట్టిగా. "ఈడ అందరూ బాగుండారు. నువ్వు నీ పని చూసుకో."

మెట్ల చివరి తలుపు ఆమే వేసింది. గొళ్ళెం పెట్టి, వచ్చి మళ్ళీ నా కుర్చీలో కూర్చుని, ఇంకో ఆకు ఇమ్మంది.